పై అధికారికి చెప్పవలసిన మాట

ప్రభుత్వ యంత్రాంగం అనే మాట మనం రోజూ వింటూ వుంటాం. యంత్రం అనగానే ఒక అర్థం స్ఫురిస్తుంది: పైన మీట నొక్కితే కింద చక్రం తిరగాలి. చక్రానికి సొంత అభిప్రాయం వుండదు. కాని ప్రభుత్వం ఇనుముతో చేసింది కాదు, మనుషులతో నడిచేది. జిల్లా కలెక్టరు మొదలు ఊళ్ళో తిరిగే చిన్న ఉద్యోగి దాకా అందరికీ కళ్ళున్నాయి, చెవులున్నాయి. ఉత్తర్వు రాసినవాడు చూడలేనిది దాన్ని అమలు చేసేవాడు చూస్తాడు. అలా చూసిన సంగతి తిరిగి పైకి పోవడానికి దారి వుందా, లేదా? పోయినా వినే చెవి వుందా, లేదా? ఈ వ్యాసంలో విచారించదలచుకున్నది ఈ ఒక్క సంగతే.

దీన్ని సామాజిక బాధ్యత గల నిర్వహణ అనీ, ఉద్యోగి నైతిక స్వరం అనీ పుస్తకాలలో పెద్ద మాటలతో చెబుతారు. తేలిక మాటల్లో చెప్పుకుందాం. ఏ కార్యాలయమైనా తన లెక్కలు బాగుంటే చాలునని ఊరుకోక, తన పని వల్ల జనానికి ఏం జరుగుతున్నదో పట్టించుకుంటే అది బాధ్యత గల నిర్వహణ. అందులో పనిచేసే మనిషి తాను చూసిన నిజాన్ని, పైవారికి ఇష్టం లేకపోయినా, సాక్ష్యంతో, సంతకంతో, మర్యాదగా చెప్పగలిగితే అది నైతిక స్వరం. ఈ రెండూ కాడికి కట్టిన రెండు ఎద్దులు. ఒకటి కూలబడితే రెండోది ఎంత లాగినా సాలు తప్పుతుంది.

ఆల్బర్ట్ హర్ష్‌మన్ అనే ఆర్థికశాస్త్రవేత్త 1970లో ఒక చిన్న పుస్తకం రాశాడు. ఒక సంస్థ చెడిపోతూ వుంటే దానితో సంబంధం వున్నవాళ్ళకు రెండు దారులుంటాయని ఆయన వివరించాడు. ఒకటి వదిలిపెట్టి పోవడం, రెండోది నోరు విప్పి చెప్పడం. సంస్థ మీద వున్న అభిమానాన్నిబట్టి మనిషి ఈ రెండింటిలో ఏదో ఒకటి ఎంచుకుంటాడు. ఈ సూత్రాన్ని మన పల్లెకు అన్వయించి చూడండి. విత్తనాల అంగడివాడు మోసం చేస్తే మరుసటి ఏడు ఇంకో అంగడికి పోవచ్చు. తాలూకా కచేరీలో అన్యాయం జరిగితే రైతు ఇంకో కచేరీకి పోలేడు, వున్నది ఒక్కటే. పోయే దారి లేనిచోట చెప్పే దారి తప్పక వుండాలి. రైతు మాట పై దాకా పోదు కాబట్టి, రైతుకూ ప్రభుత్వానికీ నడుమ నిలబడిన ఉద్యోగి మాటే అతనికి దిక్కు. ఆ ఉద్యోగి నోరు మూసుకుంటే ఊరు మొత్తం మూగపోయినట్టే.

దీనికి ఉదాహరణ కోసం మనం ఎక్కడికో పోనక్కరలేదు. మంత్రాలయం దాకా వస్తే చాలు.

మన్రో దొర కథ, మన్రో దొర కాగితం

తుంగభద్ర ఒడ్డున మంచాల అనే పల్లెలో రాఘవేంద్రస్వామి 1671లో సజీవంగా బృందావన ప్రవేశం చేశారని భక్తుల విశ్వాసం. ఆ పల్లెనే ఈనాటి మంత్రాలయం. అక్కడికి పోయిన ప్రతి యాత్రికుడూ ఒక కథ వింటాడు. కుంఫిణీ ప్రభుత్వం మఠం మాన్యాన్ని స్వాధీనం చేసుకోవాలని తలపెట్టినప్పుడు కలెక్టరు థామస్ మన్రో విచారణకు వచ్చాడట. చెప్పులు విడిచి లోపలికి పోయి బృందావనం ముందు నిలబడితే స్వామి ఆయనకు మాత్రమే కనిపించి మాట్లాడారట. చుట్టూ వున్నవారికి ఒక్క దొర మాటలే వినిపించాయట. మాన్యం మఠానికే నిలిచింది. ఇది ఐతిహ్యం. నమ్మడం, నమ్మకపోవడం ఎవరి ఇష్టం వారిది. అయితే ఈ కథలో ఒక విశేషం వుంది. ఉత్తర్వు చేతబట్టుకుని వచ్చిన అధికారి దాన్ని అమలు చేసే ముందు ఎదుటి పక్షం మాట వినడానికి ఆగాడు. సీమ జనం రెండు వందల ఏళ్ళుగా మరచిపోకుండా చెప్పుకుంటున్నది ఆ ఆగడాన్నే అని నాకు తోస్తుంది.

కథ అలా వుంచి కాగితం దగ్గరికి వద్దాం. 1800 సంవత్సరం అక్టోబరులో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి వదిలివేశాడు. అందుకే దత్తమండలం అన్నారు. రాయలసీమ అనే పేరు 1928లో నంద్యాల సభల్లో వచ్చింది. ఆదోని, మంత్రాలయం అప్పట్లో బళ్ళారి కింద వుండేవి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలోకి వచ్చాయి. దత్తమండలానికి తొలి ప్రధాన కలెక్టరు మన్రో. 1761లో గ్లాస్గోలో పుట్టాడు. 1780లో మామూలు సైనికోద్యోగిగా మద్రాసులో దిగాడు. బారామహల్‌లోనూ కెనరాలోనూ రెవెన్యూ పని నేర్చుకుని 1800 నుంచి 1807 దాకా ఇక్కడ పనిచేశాడు.

ఆయన మొట్టమొదట చేపట్టిన పెద్ద పని భూమి కొలత. 33 అడుగుల గొలుసుతో పొలాలన్నీ కొలిపించాడు. ఆ గొలుసుకు ఒక అందమైన లెక్క వుంది. 33 అడుగుల చదరం ఒక గుంట, 40 గుంటలు ఒక ఎకరం. కొలిచిన తరువాత రెడ్డి, కరణం, రైతులు ఎదురుగా వుండగా నేల తరగతి నిర్ణయించారు. కొలిచినవాళ్ళ మీద తనిఖీ చేసేవాళ్ళను, వాళ్ళ మీద మరొకరిని పెట్టారు. మన్రో కచేరీ భవనంలో కూర్చోలేదు. గుడారాలు వేసుకుని ఊరూరా తిరిగాడు. ఆయన చెప్పిన మాటకు బలం వచ్చింది ఈ తిరుగుడు వల్లనే.

1807 ఆగస్టు 15 నాటి ఉత్తరం

ఏడేళ్ళు పనిచేసి ఇంగ్లండుకు బయలుదేరే ముందు, 1807 ఆగస్టు 15న మన్రో మద్రాసు రెవెన్యూ బోర్డుకు ఒక నివేదిక పంపాడు. మన పాఠ్యపుస్తకాలలో రైత్వారీ పద్ధతి అని ఒక పేరాలో ముగించే విషయానికి అసలు ప్రాణం ఆ కాగితంలో వుంది. అందులో ఆయన చెప్పిన ముఖ్య విషయాలు ఇవి.

సర్వే ప్రకారం వేసిన శిస్తు స్థూల పంటలో దాదాపు 45 శాతం. దాన్ని అన్ని భూముల మీదా నాలుగో వంతు తగ్గించాలి. రైతు సొంత ఖర్చుతో బాగుచేసుకునే బావుల కింద, వాగుల నుంచి నీళ్ళు తోడుకునే ఏతాల కింద, కపిలల కింద సాగయ్యే భూములకు మరో 8 శాతం కలిపి మొత్తం 33 శాతం తగ్గించాలి. చిన్న చెరువుల మరమ్మతు రైతులే పెట్టుకుంటామంటే వాటి కింది భూములకూ ఆ తగ్గింపు ఇవ్వాలి. ప్రతి ఏడూ చివర రైతుకు భూమి వదులుకోవడానికీ, ఎక్కువ చేపట్టడానికీ స్వేచ్ఛ వుండాలి. శిస్తు కట్టినంతకాలం భూమి అతనిదే కావాలి.

ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. రైతుకు నూరు మూటలు పండాయనుకోండి. పాత లెక్కన 45 మూటలు సర్కారుకు పోతాయి. మిగిలిన 55 మూటల్లోనే విత్తనం, ఎద్దుల మేత, కూలి, అప్పు, ఇంటి గింజలు అన్నీ తీరాలి. నాలుగో వంతు తగ్గిస్తే సర్కారు భాగం 33 మూటల ముప్పాతిక అవుతుంది. అంటే పంటలో మూడో వంతు. బావి కింది భూమికైతే సుమారు 30 మూటలు. ఈ తేడా కాగితం మీద చిన్నదే. వానలు నమ్ముకున్న మెట్ట సేద్యంలో మాత్రం విత్తనాలు నిలవ చేసుకునేవాడికీ, విత్తనాలు అప్పు తెచ్చుకునేవాడికీ మధ్య వున్న తేడా అంతే. బావికి ఎక్కువ తగ్గింపు ఎందుకన్నది కూడా గమనించదగినది. తన డబ్బుతో బావి తవ్వుకున్నవాడి మీద అదే శిస్తు వేస్తే ఇక బావి తవ్వేదెవరు? ఇందులో దయ ఎంత వుందో లెక్క కూడా అంతే వుంది.

ఈ ఉత్తరం రాసిన మనిషి ఎవరో మరచిపోకూడదు. కంపెనీ జీతం తీసుకునే ఉద్యోగి. కంపెనీకి కావలసింది ఆదాయం. బెంగాలులో 1793లో వచ్చిన జమీందారీ శాశ్వత పద్ధతి మీద పెద్దల మోజు అప్పటికింకా తీరలేదు. మన్రో పద్ధతికి అనుకూలంగా వున్న గవర్నరు విలియం బెంటింకు కూడా వేలూరు సిపాయిల తిరుగుబాటు దరిమిలా 1807లో పదవి పోగొట్టుకున్నాడు. అటువంటి సమయంలో శిస్తు ఎక్కువైంది, తగ్గించండి అని కింది అధికారి పైవారికి సంతకం పెట్టి రాశాడు. అది కూడా ఉత్త మాటలతో కాక గొలుసుతో కొలిచిన అంకెలతో రాశాడు.

వినకపోతే ఏమయింది

బోర్డు ఆ ఉత్తరాన్ని మన్నించలేదు. 1808 నుంచి దత్తమండలంలో ఊళ్ళను మూడేళ్ళ గుత్తకు ఇచ్చారు. ఊరి మొత్తానికి ఇంత అని ఒకరు ఒప్పుకుంటారు, ఆ తరువాత రైతులకూ సర్కారుకూ నేరుగా సంబంధం లేదు. మూడేళ్ళయ్యాక దాన్నే పదేళ్ళ గుత్తగా పొడిగించారు. గుత్తదారులు ఆశకొద్దీ ఎక్కువకు ఒప్పుకున్నారు. వానలు తప్పాయి. కట్టలేక చాలామంది దివాలా తీశారు. రైతుల మీద ఒత్తిడి పెరిగింది, సాగు దెబ్బతిన్నది. చివరకు 1818లో పాత రైత్వారీ పద్ధతికే తిరిగి రావలసి వచ్చింది.

మరి నాలుగో వంతు తగ్గింపు ఎప్పుడు వచ్చింది? 1820లో మన్రో మద్రాసుకు గవర్నరుగా వచ్చాక! అంటే 1807లో కలెక్టరుగా చెప్పిన నిజం నిజం కావడానికి ఆ కలెక్టరే గవర్నరు కావలసి వచ్చింది. నడుమ గడిచింది 13 ఏళ్ళు. ఆ 13 ఏళ్ళలో అంకెలు మారలేదు, నేల మారలేదు, వాదన మారలేదు. చెప్పినవాడి కుర్చీ మాత్రం మారింది.

నా దృష్టిలో మన్రో చరిత్ర మొత్తం మీద మనం నేర్చుకోవలసిన పాఠం ఇక్కడే వుంది. ఒక సంస్థలో నిజానికి విలువ రావాలంటే చెప్పినవాడు పై కుర్చీ ఎక్కేదాకా ఆగాలంటే, ఆ సంస్థ నిర్వహణలో లోపం వున్నట్టే. మన్రోకు గవర్నరు కాగల అదృష్టం వుంది. ఆయన కింద గొలుసు పట్టుకుని ఎండలో తిరిగిన గుమాస్తా ఎన్నటికీ గవర్నరు కాలేడు. అతను చూసిన నిజం సంగతేమిటి? రైతు సంగతి చెప్పనే అక్కరలేదు. 13 ఏళ్ళ ఆలస్యానికి మూల్యం బోర్డు సభ్యులు చెల్లించలేదు. పేరు కూడా మనకు తెలియని రైతులు చెల్లించారు.

నాణేనికి రెండో వైపు

మన్రోను దేవుణ్ణి చేయడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. మన సీమలో పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్న రోజులున్నాయి. ఆ గౌరవాన్ని కాదనలేం. కాని చదువుకునేవాళ్ళం కనుక రెండో వైపు కూడా చూడాలి.

ఆయన వున్న ఏడేళ్ళలో దత్తమండలం ఆదాయం సుమారు 10 లక్షల పగోడాల నుంచి 15 లక్షల పగోడాలకు పెరిగింది. అంటే సగానికి సగం పెరిగింది. ఎక్కువైందని ఆయన 1807లో చెప్పిన ఆ శిస్తు ఆయన చేతి మీదుగా వేసినదే. తగ్గించమన్న మాట బయలుదేరి పోయే ముందు వచ్చింది. కాబట్టి ఇంకో పాఠం కూడా వుంది: చెప్పవలసిన మాటకు అదను వుంటుంది. పైరు ఎండిపోయాక వచ్చిన వాన వానే గాని పైరుకు పనికిరాదు.

గవర్నరుగా ఆయన 1824 డిసెంబరు 31న రాసిన మినిట్‌లో ఒక గొప్ప మాట వుంది. దేశీయులను పెద్ద పదవులకు దూరంగా వుంచి, చిన్న జీతాలు ఇచ్చి, నమ్మకం చూపకపోతే వారి శీలం దిగజారుతుందని, నమ్మి బాధ్యత అప్పగిస్తేనే మనుషులు ఎదుగుతారని ఆయన వాదించాడు. నిర్వహణ శాస్త్రంలో ఈ రోజుకీ చెప్పుకోదగిన మాట అది. అదే మనిషి 1822 ఏప్రిల్‌లో రాసిన మరో మినిట్‌లో భారతదేశంలో పత్రికలకు స్వేచ్ఛ ఇవ్వకూడదన్నాడు. పరాయి పాలన, స్వేచ్ఛగల పత్రిక రెండూ ఒక ఒరలో ఇమడవని ఆయన నిర్మొహమాటంగా చెప్పాడు. తన పైవాళ్ళకు తాను చెప్పే హక్కు కావాలి, తన కింది ప్రజలకు మాత్రం ఆ హక్కు ప్రమాదం. ఈ పరస్పర వైరుధ్యం మన్రో ఒక్కడిదే కాదు. కింది మెట్టు మీద వున్నప్పుడు నోరు కావాలనీ, పై మెట్టు ఎక్కాక నిశ్శబ్దం కావాలనీ కోరుకునేవాళ్ళు ఈనాటి కార్యాలయాల్లోనూ వున్నారు.

1827లో సెలవు తీసుకుని స్వదేశానికి పోయే ముందు తన పాత జిల్లాలను చివరిసారి చూడాలని మన్రో బయలుదేరాడు. దారిలో కలరా సోకి జూలై 6న మన పత్తికొండలో చనిపోయాడు.

రీడింగు, రిపోర్టు

మనం సైన్సు విద్యార్థులం. ప్రయోగశాలలో మొట్టమొదట నేర్పే నీతి ఒకటే: వచ్చిన రీడింగు వచ్చినట్టు రాయి, రావలసిన విలువ చూసుకుని రాయకు. రావలసిన విలువ ముందే తెలుసుకుని వెనక్కి లెక్క కట్టి రీడింగులు నింపే విద్య కొన్ని రికార్డు పుస్తకాల్లో కనిపిస్తూనే వుంటుంది. అక్కడ పోయేది రెండు మార్కులు. అదే అలవాటు ఆఫీసులోకి పోతే పోయేది మనుషులు.

1986 జనవరి 28న అమెరికాలో చాలెంజర్ అనే అంతరిక్ష నౌక లేచిన 73 సెకన్లకు పేలిపోయి ఏడుగురు చనిపోయారు. ముందు రోజు రాత్రే రాకెట్టు తయారుచేసిన కంపెనీ ఇంజనీర్లు రోజర్ బోజలీ మొదలైనవాళ్ళు వద్దని మొత్తుకున్నారు. చలికి రబ్బరు వలయాలు బిగుసుకుపోతాయి, 53 డిగ్రీల ఫారన్‌హీట్‌కు తక్కువైతే ప్రయోగించకండి అని చెప్పారు. పై మేనేజర్లు ఆ సలహాను పక్కనబెట్టారు. తరువాత విచారణ సంఘంలో వున్న రిచర్డ్ ఫైన్‌మన్ ఆ రబ్బరు ముక్కను మంచునీళ్ళ గ్లాసులో ముంచి అందరి ముందూ చూపించాడు. ఇంటర్మీడియట్ కుర్రాడు చేయగల ప్రయోగం! అక్కడ విజ్ఞానం వుంది, విజ్ఞానం చెప్పే గొంతు కూడా వుంది. వినే చెవి లేదు. మద్రాసు బోర్డుకూ ఈ మేనేజర్లకూ నడుమ 179 ఏళ్ళ దూరం వుంది, జబ్బు మాత్రం ఒకటే.

మళ్ళీ మన తుంగభద్ర దగ్గరికి రండి. 2009 అక్టోబరు 2న నది పొంగి మంత్రాలయాన్ని, కర్నూలు పట్టణాన్ని ముంచెత్తిన సంగతి మన ఇళ్ళలో పెద్దలందరికీ గుర్తే. అలాంటి రాత్రుల్లో నది గట్టున నీటిమట్టం చదివి పైకి చెప్పే మనిషి ఉద్యోగంలో చాలా చిన్నవాడు. దిగువ ఊళ్ళ ప్రాణాలు మాత్రం అతను చెప్పే అంకె మీద ఆధారపడతాయి. అతని అంకెను అనుమానించకుండా, ఆలస్యం చేయకుండా తీసుకునే ఏర్పాటు వుండటమే నిర్వహణ అంటే.

పల్లెలో జరిగే ఇంకో లెక్క వుంది. 2015 నుంచి పంట నష్టం 33 శాతం దాటితే రైతుకు సహాయం ఇవ్వవచ్చునన్న నిబంధన వుంది. అంతకు ముందు 50 శాతం వుండేది. మాది పత్తి, వేరుశనగ వేసే మెట్ట సేద్యం కనుక ఈ అంకె విలువ నాకు తెలుసు. నష్టం రాసుకునే ఉద్యోగి గట్టు మీద నిలబడి కాయలు లేని చెట్లను చూస్తాడు. మనసులో సగం పోయిందనే అనుకుంటాడు. కాని మండలం మొత్తానికి ఇంతకు మించరాదని పై నుంచి నోటి మాట వచ్చివుంటే అతని కలం ముప్పై దగ్గర ఆగిపోతుంది. ఆ నోటి మాటకు సంతకం వుండదు, తేదీ వుండదు. రైతు ఎవరిని అడగాలి? దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వలేదని సామెత చెప్పి జనం కింది ఉద్యోగినే తిడతారు. ఒక్కోసారి పూజారి చేతులు కట్టేసి వుంటాయని వాళ్ళకు తెలియదు.

చట్టం ఏం చెబుతుంది

నోటి మాట ఉత్తర్వుకు విరుగుడు మన నియమాల్లో లేకపోలేదు. 1964 నాటి కేంద్ర సివిల్ సర్వీసుల ప్రవర్తనా నియమావళి ప్రకారం పై అధికారి ఆదేశం మామూలుగా రాతపూర్వకంగా వుండాలి. తప్పనిసరై నోటితో చెబితే తరువాత కాగితం మీద ధృవీకరించాలి. 2013 అక్టోబరు 31న టి.ఎస్.ఆర్. సుబ్రమణియన్ కేసులో సుప్రీంకోర్టు ఈ మాటనే గట్టిగా చెప్పింది. నోటి ఆదేశాలను నమోదు చేయాలనీ, అధికారులకు ఒక చోట కనీస కాలం పదవీ భద్రత వుండాలనీ, బదిలీల కోసం సివిల్ సర్వీసుల బోర్డులు ఏర్పరచాలనీ ఆదేశించింది. నిజం చెప్పినవాడికి మొదటి శిక్ష బదిలీయే కనుక బదిలీకి పద్ధతి వుండాలన్నది దీనిలోని అంతరార్థం.

బదిలీ కంటే పెద్ద శిక్ష కూడా చూశాం. జాతీయ రహదారుల సంస్థ ఇంజనీరు సత్యేంద్ర దూబే రోడ్డు పనుల్లో అక్రమాల గురించి ప్రధానమంత్రి కార్యాలయానికి రాశాడు, తన పేరు గోప్యంగా వుంచమని కోరాడు. పేరు గోప్యంగా మిగలలేదు. 2003 నవంబరు 27న గయలో అతన్ని కాల్చి చంపారు. ఆ తరువాత 2004లో ఫిర్యాదుదారుల రక్షణకు కేంద్రం ఒక తీర్మానం తెచ్చింది, 2014లో పార్లమెంటు చట్టమే చేసింది. అమలు తేదీ ప్రకటించకుండానే ఆ చట్టానికి పదేళ్ళు నిండాయి. గొంతు ఇచ్చి చెవి ఇవ్వకపోవడం అంటే ఇదే.

మన రాష్ట్రంలో ఈ దారిన నడిచిన పెద్ద అధికారి ఎస్.ఆర్. శంకరన్. 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టాన్ని సాంఘిక సంక్షేమ శాఖలో వుండి పల్లెల దాకా తీసుకుపోయారు. భూస్వాములకు కోపం వచ్చినా, పైవారికి ఇష్టం లేకపోయినా ఆయన పట్టు విడవలేదని తోటి అధికారులు రాశారు. ఆయన ప్రభుత్వాన్ని ధిక్కరించలేదు. ప్రభుత్వం చేసిన చట్టాన్నే ప్రభుత్వానికి గుర్తుచేశారు. 2010లో చనిపోయేదాకా పేదలు ఆయన్ను తమ మనిషి అనుకున్నారు.

ఒక వ్యక్తి ధైర్యం మీద ఆధారపడకుండా చెవిని చట్టంలోనే పెట్టిన ప్రయత్నం కూడా మన దగ్గర జరిగింది. 2005 ఉపాధి హామీ చట్టంలోని 17వ విభాగం గ్రామసభ చేత సామాజిక తనిఖీ జరగాలన్నది. ఆంధ్రప్రదేశ్‌లో 2006 నుంచి ఈ తనిఖీలు మొదలయ్యాయి, 2009లో దీనికోసం ప్రత్యేక సంస్థను ఏర్పాటు చేశారు. కూలి కుటుంబాల్లోని చదువుకున్న పిల్లలకే శిక్షణ ఇచ్చి, మస్టర్లు చేతికిచ్చి, ఇంటింటికీ పంపారు. ఎవరి పేరున ఎన్ని దినాలు రాశారు, ఎంత ముట్టింది అని గట్టిగా చదివారు. కోసిగి, కౌతాళం, మంత్రాలయం ప్రాంతాల నుంచి ఏటా మిరప కోతలకు గుంటూరు వైపు వలసపోయే మన కూలీలకు ఊళ్ళోనే తమ లెక్క తాము వినే అవకాశం వచ్చింది. దొంగ లెక్క రాయమని ఒత్తిడి వచ్చిన చిన్న ఉద్యోగికి కూడా ఇది ఆసరాయే. రేపు సభలో చదువుతారయ్యా, నా వల్ల కాదు అనడానికి అతనికి ఒక కారణం దొరికింది.

ఎలా చెప్పాలి, ఎలా వినాలి

నోరు విప్పడం అంటే గొణుగుడు కాదు. టీ కొట్టు దగ్గర పై అధికారిని తిట్టి, ఆయన ముందు చేతులు కట్టుకోవడం స్వరం కాదు. ఆకాశరామన్న ఉత్తరాలు కొన్నిసార్లు నిజమే చెబుతాయి. ప్రాణభయం వున్నచోట వాటిని తప్పు పట్టలేం. అయితే సంతకం లేని మాటలో పగ ఎంత, నిజం ఎంత అన్నది తేల్చడం కష్టం. పైన చెప్పిన ఉదాహరణలను బట్టి చెప్పేవాడికి కొన్ని సూత్రాలు ఏర్పడుతున్నాయి.

1. ముందు కొలువు, తరువాత పలుకు. అంకె లేని ఆవేశం ఫైలులో నిలవదు.
2. కాగితం మీద చెప్పు, తేదీ వేయి. నోటి ఆదేశం వస్తే మర్యాదగా రాతపూర్వకంగా అడుగు.
3. సొంత లాభం కోసం చెబుతున్నానా, సంబంధం లేని మూడో మనిషి కష్టం గురించి చెబుతున్నానా అని నిన్ను నువ్వు ప్రశ్నించుకో.
4. తప్పు అని మాత్రమే చెప్పి ఊరుకోకు, ఏం చేయాలో కూడా చెప్పు. మన్రో ఉత్తరంలో ఫిర్యాదు కన్నా ప్రతిపాదన ఎక్కువ.
5. అదను దాటనీయకు.

వినేవాడికీ సూత్రాలున్నాయి.

1. చెడువార్త తెచ్చినవాణ్ణి శిక్షించకు. ఒక్కణ్ణి శిక్షిస్తే వందమంది మంచివార్తలే తెస్తారు.
2. సలహాను ఒప్పుకోకపోతే ఎందుకు ఒప్పుకోలేదో కాగితం మీద రాయి. అప్పుడు రేపటివాడికి తప్పెవరిదో తెలుస్తుంది.
3. ఏడాదికి కొన్ని రోజులైనా గుడారంలో వుండు. కచేరీలో కూర్చున్నవాడికి అందరూ బాగున్నారనే వార్తే వస్తుంది.
4. నువ్వు కింద వున్నప్పుడు కోరుకున్న హక్కును ఇప్పుడు నీ కిందివాడికి ఇవ్వు.

మిత్రులారా! మన కళాశాల నుంచి ఏటా ఎంతోమంది గ్రూప్ పరీక్షలకు కూర్చుంటున్నారు. కొందరు రేపు గ్రామ సచివాలయంలో చిన్న కుర్చీలోనూ, కొందరు జిల్లా కార్యాలయంలో పెద్ద కుర్చీలోనూ కూర్చుంటారు. పరీక్షకు రైత్వారీ పద్ధతి ప్రవేశపెట్టినది ఎవరు అని ఒక మార్కు ప్రశ్న వస్తుంది. మన్రో అని రాస్తే మార్కు వస్తుంది. ఉద్యోగంలో వచ్చే ప్రశ్న వేరు. పొలం గట్టు మీద నీ కన్ను చూసిన అంకె ఒకటి, పై నుంచి రావలసిందన్న అంకె ఇంకొకటి అయినప్పుడు నువ్వు ఏది రాస్తావు? నీ కిందివాడు నీకు నచ్చని అంకె తెచ్చినప్పుడు నువ్వు ఏం చేస్తావు? దానికి జవాబు ఉద్యోగంలో చేరాక ఆలోచించుకుందామంటే కుదరదు. ఇప్పుడు, ఈ ప్రయోగశాలల్లో, ఈ రికార్డు పుస్తకాల్లో, ఈ విద్యార్థి సంఘం లెక్కల్లోనే అలవాటు కావాలి. 1807 నాటి రైతుకు 13 ఏళ్ళు ఎదురుచూడటం తప్ప గత్యంతరం లేకపోయింది. మన కాలపు రైతుకు, కూలికి అంత ఓపిక లేదు, అంత ఓపిక పట్టమని అడిగే హక్కు మనకూ లేదు.